సందూకలోంచి షోకేసులోకి

కామిక్స్, బొమ్మలు కొనడం తేలికే. కోస్గి ఎండకి, దుమ్ముకి, చెదలకి, ఇంట్లోవాళ్ళ మాటలకి తట్టుకుని వాటిని నిలబెట్టుకోవడమే అసలు పని.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా ఇంటి సజ్జ మీద నుంచి ఒక సందూక దించాం. ఇనుప పెట్టె. నాయిన చిన్నప్పటిది. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. చందమామలు. బడికి పోయే రోజుల నుంచి కొన్నవి, దోస్తుల దగ్గర మార్చుకున్నవి, చుట్టాల ఇళ్ళ నుంచి తెచ్చుకున్నవి. మొత్తం 150కి పైనే ఉండాలని నాయిన లెక్క. "ఒకరోజు తీరిగ్గ దించి చూద్దాం రా" అని ఎన్నేళ్ళ నుంచో అంటూనే ఉన్నాడు.

మూత తీశాం. పైన నాలుగు పుస్తకాలు బాగానే ఉన్నాయి. వాటి కింద చెయ్యి పెడితే పుస్తకం రాలేదు, మట్టి వచ్చింది.

పెట్టె అడుగు ఎప్పుడో తుప్పుపట్టి చిల్లు పడింది. గోడలోంచి వచ్చిన చెదలు ఆ చిల్లులోంచి దూరి, కింద నుంచి పైకి తింటూ వచ్చాయి. ఏరగా ఏరగా మిగిలినవి 41. నాయిన ఏమీ అనలేదు. మట్టిని గోనెసంచిలోకి ఎత్తి బయట పోసొచ్చి, అరుగు మీద కూర్చున్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం ఒక్క మాట అన్నాడు. "నెలకొక్కసారన్న తీసి చూసుకుంటే దక్కేటివి."

ఇప్పుడు నాకు 26. వారమంతా హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు కోస్గి. నా దగ్గర కామిక్స్ 600 పైచిలుకు ఉన్నాయి. అమర్ చిత్ర కథ, టింకిల్, కొన్ని మాంగాలు, నాయిన చందమామలు. బొమ్మలు 48. స్పైడర్‌మ్యాన్ నుంచి గోకు, లూఫీ దాకా. వాటి పక్కనే నిర్మల్ కొయ్యబొమ్మలు ఒక జత. హైదరాబాద్‌లో నేనుండేది షేరింగ్ రూమ్. మంచం కింద బ్యాగు పెట్టడానికే జాగా ఉండదు. అందుకే కలెక్షన్ మొత్తం ఊళ్ళోనే, మా ఇంట్లోనే ఉంది. దాన్ని ఎలా పెట్టాను, ఎక్కడ దెబ్బతిన్నాను, చివరికి ఎవరు కాపాడారు అనేదే ఈ కథ.

నేను చేసిన మూడు తప్పులు

మొదటి తప్పు కిటికీ. నా అర్రలో పడమటి గోడకి కిటికీ ఉంది. బొమ్మలు వెలుగులో బాగా కనిపిస్తాయని దాని పక్కనే చెక్క అర కొట్టించాను. రెండు ఎండాకాలాలు గడిచాయి. స్పైడర్‌మ్యాన్ ఎరుపు వెలిసి ఒకలాంటి గులాబీ రంగులోకి వచ్చింది. కామిక్స్ వెన్నులన్నీ తెల్లబడ్డాయి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు రంగుల్ని విరగ్గొడతాయి. చాలా అచ్చు రంగుల్లో ముందు పోయేవి ఎరుపు, పసుపే. పైగా పాత కామిక్స్ ఎక్కువ శాతం న్యూస్‌ప్రింట్ లాంటి చవక కాగితం మీద అచ్చయ్యాయి. ఆ కాగితంలో కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోయి ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది పచ్చబడి, పెళుసెక్కుతుంది. చివరికి పేజీ తిప్పితే మూల విరిగి చేతిలోకొస్తుంది.

రెండో తప్పు కవర్లు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయని మెత్తగా మెరిసే ప్లాస్టిక్ కవర్లు కట్టలకొద్దీ తెప్పించాను. అవి పీవీసీ కవర్లు. మే నెల వచ్చేసరికి 30 టింకిల్ పుస్తకాల అట్టలు కవర్లకి అతుక్కుపోయాయి. లాగితే బొమ్మ సగం కవర్ మీదే ఉండిపోయింది. పీవీసీ మెత్తగా ఉండడానికి అందులో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. వేడికి అవి బయటికొచ్చి సిరాని పట్టుకుంటాయి. కామిక్స్‌కి వాడాల్సింది పాలీప్రొపిలీన్ కవర్లు. పట్టుకుంటే కాస్త గరగరమని చప్పుడు చేస్తాయి, వాసన రావు. ప్లాస్టిక్ మీద త్రికోణం గుర్తు ఉంటే అందులో 5 అంకె పాలీప్రొపిలీన్‌ది, 3 అంకె పీవీసీది.

మూడో తప్పు కలరా ఉండలు. సందూక సంగతి మనసులో ఉంది కదా, పురుగుల భయంతో బొమ్మల డబ్బాల్లో గుప్పెడు కలరా ఉండలు పోశాను. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుందని అప్పుడు తెలియదు. ఒక బొమ్మకి ఉండ ఆనిన చోట చిన్న గుంట పడింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ వాసన వాళ్ళకీ మంచిది కాదు.

అమ్మ పట్టుచీర పాఠం

మూడు దెబ్బలు తిన్నాక నేను ఫోన్ పట్టుకుని వీడియోలు చూస్తూ కూర్చుంటే, అమ్మ బీరువా ముందు కూర్చుని నారాయణపేట పట్టుచీరలు సర్దుతోంది. నూలు గుడ్డలో చుట్టి పెట్టింది. ఒక్కో చీరా విప్పి, పాత మడత మీద కాకుండా పక్కకి జరిపి మళ్ళీ మడుస్తోంది.

"ప్లాస్టిక్ కవర్ల పెట్టొచ్చు గదా?" అన్నాను.

"కవర్ల పెడితె చెమ్మ పట్టి జరీ నల్లగైతది. గుడ్డల పెడితె గాలాడ్తది."

"మడత ఎందుకు మారుస్తవ్?"

"ఒక్కతాననే మడిస్తె ఆడ్నే చిరుగుతది. నీకు గింత గూడ తెల్వదా?"

ఆ చీర మా అమ్మ పెళ్ళినాటిది. ఇప్పటికీ కట్టుకుంటే కొత్తదానిలాగే ఉంటుంది. నేను నెలల తరబడి నెట్‌లో వెతికినదంతా ఆమె పాతికేళ్ళుగా చేస్తోంది. గాలి ఆడాలి, చెమ్మ చేరకూడదు, ఎండ తగలకూడదు, ఒకే చోట బరువు పడకూడదు, నాలుగు నెలలకోసారి బయటికి తీయాలి. పట్టుకీ కాగితానికీ సూత్రం ఒక్కటే.

పురుగులకి ఆమె మందు నీడలో ఎండబెట్టిన వేపాకు, చిన్న గుడ్డ మూటలో వస కొమ్ము. మన పెద్దలు తాళపత్రాల మధ్య పెట్టిన వస కొమ్మే ఇది. పచ్చి ఆకు మాత్రం పెట్టొద్దు, దాని తేమ పుస్తకానికే ఎక్కుతుంది. మూట కూడా పేజీకి ఆనకుండా అర మూలలో ఉండాలి. చెదలు నిజంగా పడితే వేపాకు ఆపదనుకోండి. గోడ మీద మట్టి గీత కనిపించిందంటే మందు కొట్టించాల్సిందే.

జాగీర్దారు బొమ్మలు

కొన్ని పుస్తకాలు ఆబిడ్స్‌లో కొంటాను. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. అలా ఒక ఆదివారం పుస్తకాలు వెతికి, అక్కడి నుంచి మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయాను. చిన్నప్పుడు స్కూలు టూర్‌లో చూసిందే. ఈసారి వస్తువుల్ని కాదు, వాటిని ఎలా పెట్టారో చూద్దామని పోయాను.

మా ఊరికి ఆ మ్యూజియంతో చుట్టరికం ఉంది. ఇప్పుడు కోస్గి నారాయణపేట జిల్లాలో ఉంది, అంతకు ముందు మహబూబ్‌నగర్ జిల్లా. నిజాం కాలంలో మాత్రం ఇది సాలార్‌జంగ్ వంశం జాగీరులో ఒక తాలూకా. అంటే మా తాతల తాతలు కట్టిన శిస్తులో ఏదో ఒక పైసా ఆ అద్దాల వెనక ఉండే ఉంటుంది!

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టాడు. కొన్నాళ్ళు నిజాంకి దివాన్‌గా పనిచేసి, ఆ తర్వాత జీవితమంతా వస్తువులు సేకరించడంలోనే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. కొన్నవన్నీ ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే చేరాయి. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబర్ 16న అదే ఇంట్లో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. ఒక్క మనిషి ఇంటి కలెక్షన్ ఇన్నేళ్ళు నిలబడిందంటే దాన్ని పదిమందీ చూసేలా తెరిచినందుకే. తాళాలు వేసి గదుల్లోనే ఉంచి ఉంటే వాటికీ మా సందూక గతే పట్టేదేమో.

అక్కడ చూసిన మూడు సంగతులు నాకు బాగా పనికొచ్చాయి.

ఒకటి, అద్దం. ఒకే దుంగలో చెక్కిన చెక్కబొమ్మ ఉంటుంది. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్, వెనక నుంచి చూస్తే మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు కాబట్టి మనం తిరక్కుండానే రెండూ కనిపిస్తాయి. యాక్షన్ ఫిగర్‌కి వెనక కూడా బోలెడు పనితనం ఉంటుంది. కేప్, కత్తి ఒర, జడ. అర వెనక గోడకి మామూలు అద్దం ముక్క అతికిస్తే అవన్నీ కనిపిస్తాయి. చిన్న అర కూడా రెండింతలు లోతుగా అనిపిస్తుంది.

రెండు, గడియారం. గంట గంటకీ తలుపు తీసుకుని ఓ చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం అది. దాని ముందు జనం కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తారు. చుట్టూ ఇంకేమీ ఇరికించలేదు. దాన్ని చూశాక నా అరలో ఒకే వరసలో కుక్కిన 20 బొమ్మలు గుర్తొచ్చాయి. అన్నీ కనిపించాలని పెడితే ఏదీ కనిపించదు. అరకి ఒక్క హీరో చాలు.

మూడు, సీసపు సైనికులు. పిల్లల విభాగంలో చిన్న చిన్న సైనికుల దండు ఉంది. విడిగా చూస్తే ఒక్కోటీ వేలంత. దండుగా నిలబెట్టారు కాబట్టి యుద్ధం కనిపిస్తుంది. అంటే బొమ్మల్ని సైజు ప్రకారం కాదు, కథ ప్రకారం పెట్టాలి.

ఇది మనకి కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీ పటం గుర్తు చేసుకోండి. కథని వరసగా బొమ్మల్లో గీసి, చుట్టలా చుట్టి దాచి, కథ చెప్పేటప్పుడు ఒక్కో బొమ్మా కనిపించేలా విప్పుతారు. దాచడం, చూపించడం రెండూ ఒకే చుట్టలో. కామిక్స్ అనే మాట వినకముందే మన ఊళ్ళలో కామిక్స్ ఉన్నాయన్నమాట.

షోకేసు ఒప్పందం

ఇంటికొచ్చాక అసలు సమస్య మొదలైంది. ఈ ఎండాకాలం అక్క, ఆమె కొడుకు మా ఇంటికి వచ్చారు. బావకి బదిలీ అయింది, కొత్త ఊళ్ళో ఇల్లు దొరికేదాకా ఇక్కడే. నా అర్ర వాళ్ళకి ఇవ్వాలి. "గా డబ్బాలన్ని సజ్జ మీద పెట్టు, లేకుంటె పాత సామానోనికి ఇచ్చెయ్" అంది అమ్మ.

సజ్జ అనగానే నాకు మట్టి వాసన గుర్తొచ్చింది.

మా ముందు గదిలో అమ్మ షోకేసు ఉంది. తెలంగాణలో ఏ ఇంటికి పోయినా కనిపించేదే. టీవీ, దాని చుట్టూ అద్దాల అరలు. అరల్లో ఎన్నడూ చాయ్ పోయని కప్పులు, ప్లాస్టిక్ పూలు, కవర్ తీయని టెడ్డీబేర్, పెళ్ళిళ్ళలో వచ్చిన గిఫ్టులు.

"అమ్మా, ఆ కప్పులల్ల ఎన్నడన్న చాయ్ తాగినమా?"

"సుట్టాలొస్తె కనిపిస్తయి."

"నా బొమ్మలు గూడ కనిపిస్తయి."

"గందుకే వద్దంటున్న. రేపు పిల్లనిచ్చేటోళ్ళు వస్తరు. ఇంత పెద్దోడై బొమ్మలతోటి ఆడుకుంటుండు అనరా?"

నవ్వొచ్చింది గానీ ఆ భయం నిజమైనదే. నాకు కొంచెం గుచ్చుకుంది కూడా. ఆమె కప్పుల్ని తీసేయమనే హక్కు నాకు లేదు. అవీ ఒక కలెక్షనే. ఏ కప్పు ఏ ఏడు జాతరలో కొన్నదో ఆమెకి గుర్తు. చివరికి నాయిన మధ్యలోకొచ్చాడు. "ఆరు అర్రలున్నయి గదా. మూడు నీకు, మూడు వానికి." మధ్య అరలో ముందుగా పెట్టాల్సింది ఏంటో కూడా ఆయనే చెప్పాడు. చందమామ.

బొమ్మలు ఎలా నిలబెట్టాను

ముందు మెట్లు కట్టాను. బొమ్మల కొలువులో చేసేదే ఇది. వెనకవాళ్ళు కూడా కనిపించాలంటే మెట్టు ఉండాలి. చెప్పుల డబ్బాలు కోసి, నల్ల చార్టు అంటించి, మూడు మెట్లు చేశాను. ఖర్చు చార్టుకే. వెనక పొడుగువి, ముందు పొట్టివి. రెండు బొమ్మల మధ్య కనీసం రెండు వేళ్ళ సందు. ఒకరికొకరు ఎదురుగా తిరిగి ఉంటే కథ మొదలవుతుంది. అందరూ మనవైపే చూస్తుంటే పాస్‌పోర్టు ఫొటోల్లా ఉంటారు.

లైటు కోసం సన్నటి ఎల్ఈడీ పట్టీ అతికించాను. మామూలు బల్బయితే మూసిన అరలో వేడి పెరుగుతుంది. ఎల్ఈడీ కూడా ఎప్పుడూ వేసి ఉంచను. ఎవరన్నా వచ్చినప్పుడే.

ఎండాకాలం బొమ్మలకి ఇంకో గండం ఉంది. అది వంగిపోవడం. చాలా ఫిగర్లు మెత్తటి పీవీసీతో చేసినవే. మే నెలలో మా దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. ఒంటికాలి మీద నిలబడ్డ బొమ్మ బరువుకి చీలమండ దగ్గర మెల్లగా ఒరిగిపోతుంది. కంగారుపడొద్దు. బాగా వేడిగా ఉన్న నీళ్ళలో (మరిగేవి కాదు) ఆ కాలు అర నిమిషం ఉంచి, మెల్లగా సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పట్టుకుంటే చాలాసార్లు నిలబడుతుంది. ఎండాకాలం మాత్రం అలాంటి వాటికి వెనక ఆసరా పెట్టండి, లేదా పడుకోబెట్టండి.

బొమ్మ జిగటగా తగిలితే అది పాడైపోయినట్టు కాదు. గాలి ఆడని డబ్బాలో చాలాకాలం ఉంటే పీవీసీలోని ఆ నూనెలాంటి పదార్థమే పైకి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్. కడిగి నీడలో ఆరబెట్టండి. కొయ్యబొమ్మల్ని మాత్రం నీళ్ళలో ముంచొద్దు. పొడి బ్రష్ చాలు. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసేది తేలికైన పొనికి కర్రతో. చెమ్మ తగిలితే రంగు లేస్తుంది.

కాగితం పెట్టే పద్ధతి

షోకేసులో అట్ట కనిపించేలా పెట్టేది నాలుగైదు కామిక్సే. వాటిని మూడు నెలలకోసారి మారుస్తాను. ఒకే పుస్తకం ఏడాదంతా వెలుతురులో ఉండకూడదు. గోడకి ఫ్రేమ్ కట్టాలనిపిస్తే అసలు పుస్తకం కాదు, అట్టని స్కాన్ చేసి కలర్ ప్రింట్ తీసి కట్టండి.

మిగతావన్నీ నడిమి అర్రలో గోడలోని బండ అరల్లో ఉన్నాయి. మాకు తాండూరు దగ్గర. ఈ పక్క చాలా ఇళ్ళలో గోడ అరలు నాపరాతి బండలతోనే కడతారు. బండని చెదలు తినలేవు, కానీ గోడ సందులోంచి బండ మీదికి పాకగలవు. పైగా వానాకాలం రాయి చల్లబడి చెమ్మ పడుతుంది. అందుకే నేరుగా బండ మీద పెట్టలేదు. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు, దాని మీద మూత ఉన్న డబ్బాలు. వెనక గోడకి నాలుగు వేళ్ళ ఎడం. ఆ సందులోకి టార్చి వేస్తే మట్టి గీత ఉందో లేదో తెలిసిపోతుంది.

డబ్బాలో పుస్తకాలు నిలువుగా ఉంటాయి. ఒక్కో కవర్‌లో ఒక పుస్తకం, వెనక యాసిడ్ లేని అట్ట. డబ్బా సగం ఖాళీగా ఉంటే పుస్తకాలు వాలి వెన్ను వంగుతుంది. మరీ బిగిస్తే తీసేటప్పుడు అట్ట చిరుగుతుంది. వేలు దూరేంత వదులు చాలు. చందమామది ఒక సైజు, టింకిల్‌ది ఒకటి, మాంగాది ఒకటి. కలపొద్దు. పెళుసెక్కిన పాతవాటిని మాత్రం పడుకోబెట్టాను, దొంతరకి పదికి మించకుండా. డబ్బా మూలలో సిలికా జెల్ పొట్లాలు ఉంటాయి. కొత్త చెప్పులు, బ్యాగులు కొన్నప్పుడు వచ్చేవే దాచిపెడతాను. చెమ్మ పీల్చి నిండిపోతాయి కాబట్టి వానాకాలం ముందు మార్చాలి.

చిరిగిన పేజీకి సెల్లోటేప్ వేయొద్దు. ఆ జిగురు కొన్నేళ్ళకి పచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ అసలే వద్దు, దాన్ని వెనక్కి తీయలేం. పాత పుస్తకం కొత్తగా ఇంటికొస్తే 15 రోజులు విడిగా, మూసిన కవర్లో ఉంచండి. కవర్ అడుగున పొడి రాలినా, వెండిరంగు పురుగు జారినా మిగతావాటిలో కలపకూడదు.

అన్నింటికీ ఫోన్‌లో ఫొటో, ఒక షీటులో పేరు, సంచిక, ఏ డబ్బాలో ఉందో. దీనికి రెండు ఆదివారాలు పట్టింది. నాయిన చందమామలు ఏ నెలవి పోయాయో ఇప్పటికీ మాకు తెలియదు. లిస్టు లేదు కాబట్టి.

విరిగిన చెయ్యి

అల్లుడికి ఆరేళ్ళు. వచ్చిన రెండో రోజే లూఫీ చెయ్యి విరిచాడు. నేను అరిచాను. షోకేసుకి తాళం వేశాను. ఆ తర్వాత వారం నేను ఊరికొచ్చేసరికి అద్దం మీద, వాడి ఎత్తున, ముక్కు ముద్రలు వరసగా ఉన్నాయి. అక్క ఏమీ అనలేదు గానీ నాకు సిగ్గేసింది. చూపించడానికి పెట్టి, చూసేవాణ్ణి అద్దం అవతల నిలబెట్టాను.

చెయ్యి అతికించాను. అతుకు కనిపిస్తుంది, కనిపించనీ. నాకు దక్కిన మూడింట్లో కింది అర వాడికిచ్చేశాను. గట్టి బొమ్మలు, రెండేసి కాపీలు ఉన్న టింకిల్‌లు అందులో. దానికి తాళం లేదు. నియమం ఒక్కటే, చేతులు కడుక్కోవాలి. ఇప్పుడు పైఅరల జోలికి వాడు పోడు. పైగా ఎవరన్నా అద్దం ముట్టుకుంటే "చేతులు కడుక్కున్నవా?" అని వాడే అడుగుతున్నాడు.

అమ్మలోనూ మార్పొచ్చింది. తన కప్పులు తుడిచేటప్పుడు పక్క అర కూడా తుడవడం మొదలుపెట్టింది. "గా ఎర్ర బట్టలోని కాలు వంకరైంది, చూస్కో" అని ఫోన్‌లో చెప్పింది ఒకరోజు. సజ్జ మీద ఉంటే ఆ కాలు సంగతి ఎవరికి తెలిసేది?

పోయిన నెల మా మేనమామ వచ్చాడు. నవ్వుతాడేమోనని నేను పక్కకి తప్పుకున్నాను. ఆయన లూఫీని చూడలేదు, గోకుని చూడలేదు. మధ్య అర ముందు ఆగిపోయాడు. అక్కడ శంకర్ బొమ్మ వేసిన బేతాళ కథ పేజీ తెరిచి ఉంది. "ఇది నేను చదివిన. మీ నాయిన దగ్గర్నే తీస్కొని చదివిన" అన్నాడు. కాసేపాగి, "ఇంటికి తీస్కపోయి మల్ల తెచ్చిస్త" అన్నాడు.

"ఇయ్యం అన్నా. ఈడ్నే కూసొని చదువు, చాయ్ పెడ్త" అంది అమ్మ.

నాయిన లేచి తాళం తీశాడు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఇంట్లో డబ్బాలు బయటికొస్తాయి. గోడకి టార్చి వేసేది అల్లుడు, వేపాకు మార్చేది అమ్మ, పేజీలు తిప్పేది నాయిన. ఎప్పుడన్నా నేను హైదరాబాద్‌లో ఆగిపోతే శనివారం రాత్రికి ఫోన్ వస్తుంది. "రేపు వస్తలేవా? పుస్తకాలు తీసేదుండె గదరా."